బాగైపోయిన టేపు మిషను

హలో… ఆ, అక్కనే. ఈ ఫోను నేను తప్ప ఇంకెవరెత్తుతారు?

… పనేం లేదు, చెప్పు. ఆరు వారాల తర్వాత తమ్ముడు ఫోను చేస్తే పనుందంటానా?

… లెక్కపెట్టలేదురా. గోడమీద కాలెండరుంది. దానికి వేరే పనేముంది.

… అమ్మ బాగానే ఉంది. నీ నీలం చొక్కాకి గుండీలు కుట్టించి పెట్టింది, కింద టైలరు చేత. వచ్చి పట్టుకెళ్ళమంది. … ఆ, ఆ చప్పుడు వాళ్ళదే. ఇప్పుడు ఎనిమిది కుట్టుమిషన్లయ్యాయి. ఒంటిగంటకి భోజనాలకి లేస్తే గానీ ఆగవు. … గుర్తుండకేం. వాళ్ళు తింటున్న ఆ గంటలోనే కదా నీ డ్రమ్స్ రికార్డు చేసేవాళ్ళం. నువ్వు ఆకలి మీద వాయించేవాడివి. అందుకే దెబ్బ అంత గట్టిగా పడేది.

— నవ్వింది చాలు, విషయంలోకి రా. ఏదో అడగడానికే చేశావు. చిన్నప్పుడు నా సైకిలు కావాల్సి వస్తే కూడా ఇలాగే ముందు నా బడి సంగతులు అడిగేవాడివి.

… ఏంటీ?

… మళ్ళీ చెప్పు. మిషన్ల గోలలో సరిగ్గా వినపళ్ళేదు. … వినపడింది. అయినా మళ్ళీ చెప్పు.

… నా దగ్గరున్న, శబ్దం మార్చే పాత పెట్టెల్లో ఏది డ్రమ్స్‌కి బాగుంటుందనా! నువ్వేనా అడుగుతున్నది? ‘అక్కా, నీ దగ్గర డ్రమ్స్ ఉతికి ఇస్త్రీ చేసినట్టొస్తాయి, నాకు కాస్త మట్టి అంటినట్టు కావాలి’ అని చెప్పి, ఈ మెట్లు దిగి, తిన్నగా ఆ పిచ్చుక దగ్గరికి వెళ్ళినవాడివి?

… పిచ్చుక కాకపోతే ఇంకేమనాలి? ఆ పేరు నేను పెట్టానా? నువ్వే పెట్టావు. ఎప్పుడు చూసినా గోళ్ళతో బల్ల మీద టిక్కు టిక్కుమని కొట్టుకుంటూ ఉంటుందని. మూడేళ్ళు ఈ గదిలోనే, నా పక్క కుర్చీలోనే కూర్చుని కొట్టింది. రికార్డింగు పని నేర్చుకుంటానని వచ్చి, బల్ల అరగదీసి, వెళ్ళి సొంత గది పెట్టుకుంది.

… సరే, ఎత్తిపొడవను. … ఎత్తిపొడవనని చెప్పానుగా! అడిగావు కాబట్టి చెప్తాను. ఉండు, కుర్చీ లాక్కోనీ.

… ఊఁ. ఎన్ని పాటలు మిగిలాయి? … నాలుగు. ఎనిమిదిలో నాలుగయ్యాయన్నమాట. వాయించడం అయిపోయిందా? … అన్నీ శుభ్రంగా రికార్డయ్యాయి, ఇక వాటికి రంగు పట్టించాలి. అంతేనా? ఆ మాట ముందే చెప్తే ఏం పోయింది.

చూడు. నా దగ్గర మూడున్నాయి. నీకు తెలిసినవే, కానీ నువ్వెప్పుడూ వాటి వంక సరిగ్గా చూడలేదు. మొదటిది వాల్వు పెట్టె. గాజు బుడ్లున్నది. … అదే, చలికాలంలో నువ్వు చేతులు కాచుకునేవాడివే, అది. దాన్ని వెలిగించి అరగంట ఊరికే వదిలెయ్యాలి. గబగబా పని కావాలంటే వినదు. వేడెక్కాక నీ కిక్కు డ్రమ్ము, కాలితో కొట్టేది, అందులోంచి పంపిస్తే… ఎలా చెప్పను… అంచులు అరుగుతాయి. ఏట్లో రాయిలాగ. దెబ్బ అదే, కానీ గుచ్చుకోదు.

రెండోది కంప్రెసరు. బూడిదరంగుది, ముందు గడియారంలాగ ముల్లున్నది. అది పెద్ద దెబ్బని అణిచి, దాని వెనక నక్కిన చిన్న చప్పుళ్ళని బయటికి లాగుతుంది. స్నేరు డ్రమ్ము కొట్టాక గదిలో కాస్త ఊపిరి మిగులుతుందే, అదంతా వినిపిస్తుంది. నీ స్టూలు కిర్రుమన్నా వినిపిస్తుంది. … అవును, నీ తుమ్ము కూడా. ఆ రోజు నవ్వలేక చచ్చాం.

మూడోది స్ప్రింగు పెట్టె. లోపల రెండు తీగచుట్టలు తప్ప ఏమీ లేవు. శబ్దం వాటి మీద ఊగి వస్తుంది. స్నేరు అందులో వేస్తే నూతిలో చెంబు పడ్డట్టుంటుంది. అన్నిటికీ వెయ్యకూడదు దాన్ని. పాట మొత్తంలో ఒకే ఒక్క దెబ్బకి వెయ్యాలి. ఆ దెబ్బ ఏదో తెలియనివాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది.

… నాకెందుకు తెలియదురా? నువ్వు వెళ్ళాక కూడా నీ పాత రికార్డింగులు పెట్టుకుని… ఏం లేదు, ఊరికే. ఖాళీగా ఉన్నప్పుడు. ఏ మీట ఎక్కడుంటే నీ చేతికి నప్పుతుందో సుద్దముక్కతో గుర్తులు కూడా పెట్టాను. … నీకోసమేం కాదు. అంత లేదు.

నీ ఎడమచెయ్యి కుడిచేతికంటే వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతుంది. అది తప్పు కాదు, అదే నీ నడక. ఆ నడక చెడకుండా చూసే పెట్టె కావాలి నీకు. ఈ సంగతి ఎవరికైనా తెలుసా? మీ పిచ్చుకకి తెలుసా?

… తెలుసా? … అదే చెప్పిందా? … ఎప్పుడు?

… మొదటి రోజేనా. ఊఁ.

— ఏం లేదు, ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చాను. సరే, ఏదైనా ముక్క పంపించు. ఒక్క నిమిషం పాట చాలు. … ఐదో పాటది పంపు. వాల్వు పెట్టె ఇప్పుడే వెలిగిస్తున్నాను. … తొందరెందుకు? అది వేడెక్కేదాకా మాట్లాడుకుందాం. ఆరు వారాల కబుర్లున్నాయి.

అక్కడ కిటికీ ఉందా, దాని గదిలో? … రెండున్నాయా. గాలి బాగా వస్తుందన్నమాట. నీకిక్కడ చెమట పట్టేది, టవలు నేనే అందించేదాన్ని. … అక్కడ చెమటే పట్టదా. మంచిదే కదా. నేనేమన్నానిప్పుడు?

… ఆ, విన్నాను. అందరూ పాడుతున్న ఆ పాటేగా. … కావాలని వినలేదు. కింద టైలర్లు రోజుకి పదిసార్లు పెడతారు. నేలలోంచి పైకొస్తుంది. తలుపైతే వేసుకోవచ్చు, నేలని ఎలా వేసుకుంటాం?

… ఎలా ఉందంటే… బాగుంది. … బాగుందన్నానుగా, ఎన్నిసార్లు అనిపిస్తావు? ఇత్తడి సింబల్స్ దూదిలో చుట్టినట్టున్నాయి. కిక్కు మరీ బొద్దుగా ఉంది, కడుపునిండా తిని కూర్చున్నట్టు. … అందరికీ అదే నచ్చిందా? నచ్చుతుందిలే.

నిజం చెప్పనా? మొన్న ఇక్కడ కూర్చుని ఎవరిదో గొంతు సరిచేస్తున్నాను. కింద నీ పాట మొదలైంది. కాసేపటికి చూస్తే నా పాదం కొట్టుకుంటోంది. నా పాదమేరా. నా నేల మీద, దాని పాటకి తాళం వేస్తోంది. రెండో కాలితో తొక్కిపట్టాను. … నవ్వు, నవ్వు. నీకేం పోయింది.

… నీ పాటా? వాయించింది నువ్వే, కాదనను. కానీ ఆ శబ్దం నీ ఒక్కడిది కాదు. ఖాళీ నూనెడబ్బాల మీద వాయించిన రోజు నుంచీ నీ దెబ్బ నాకు తెలుసు. నీకు మొదటి మైకు పెట్టింది నేనే, అమ్మ గరిటెకి తాడుతో కట్టి. ఇన్నేళ్ళలో నీ దెబ్బ అంత లావుగా, అంత… దగ్గరగా, నాకు ఒక్కసారి కూడా రాలేదు. దానికొచ్చింది. మూడేళ్ళు నా పక్కన కూర్చుని బల్ల కొట్టినదానికి.

ఏం వాడిందిరా? … అడిగితే తప్పేంటి? పెద్ద మిషనేదో తెప్పించుకుని ఉంటుంది. దాని మేనమామ ఓడల్లో పనిచేస్తాడుగా, ఎక్కడెక్కడివో తెస్తాడు. … కాదా? … మరేంటి? … చెప్పొద్దందా? … అనలేదు. మరి నువ్వెందుకు నసుగుతున్నావు?

సరే, వదిలెయ్. వచ్చింది నీ ముక్క. ఉండు, వింటాను.

…

ఆ. బాగా వాయించావు. ఎడమచెయ్యి చక్కగా ఆలస్యమైంది. వాల్వు పెట్టె కూడా వేడెక్కింది, ఇప్పుడు అందులోంచి పంపుతున్నా. ఫోను స్పీకరు దగ్గర పెడతాను, విను. … ఫోనులో ఏం తెలుస్తుందిలే, అయినా. … ఎలా ఉంది? … ఇది కాదా?

కంప్రెసరు కూడా కలిపాను. ఇప్పుడు? … ఇదీ కాదా? … లావు చెయ్యనా? … పై శబ్దాలు తగ్గించనా? … ఇంకానా? ఇంతకంటే తగ్గిస్తే చెవిలో నీళ్ళు పోయినట్టుంటుందిరా.

‘ఇలా కాదు, ఇలా కాదు’ అంటావు, ఎలాగో చెప్పవు. దేనిలాగ కావాలి నీకు?

… మొదటి నాలుగు పాటల్లాగ.

…

ఓహో.

… లేదు, అర్థమైంది. బాగా అర్థమైంది. నా పెట్టెల మీద ప్రేమ పుట్టి కాదు నువ్వు ఫోను చేసింది. దాని శబ్దానికి నా దగ్గర అతుకు దొరుకుతుందేమోనని. ఎనిమిది గజాల తానులో నాలుగు గజాలు అది నేసింది. మిగిలిన నాలుగూ నేను అదే రంగులో అద్ది ఇవ్వాలి. కుట్టు ఎవరికీ కనపడకూడదు. అంతేగా?

… అంతే అను, మొహమాటమెందుకు? … దాన్నే చెయ్యమను! నాలుగు చేసింది, ఇంకో నాలుగు చెయ్యలేదా? గోళ్ళరిగిపోయాయా?

… ఏమైంది? … మిషనుకేమైంది?

… రిపేరు చేయించిందా. … ఆ, బెల్టు జారుతోంది, పాట వేగం అటూ ఇటూ అవుతోంది, మనిషిని పిలిచింది. సరే. … పనిమంతుడేనా? … పాతకాలం మనిషి. బెల్టు మార్చాడు, దుమ్ము తుడిచాడు, పన్లోపనిగా లోపలున్న స్క్రూలన్నీ పుస్తకం ప్రకారం సరిచేశాడు. … తర్వాత?

… బాగైపోయిందా!

అయ్యయ్యో… క్షమించు, నవ్వొస్తోంది. … నవ్వట్లేదు, నవ్వట్లేదు. బాగుచేయిస్తే బాగైపోయింది, అందుకని తలపట్టుకుని కూర్చున్నారా ఇద్దరూ? … ఆ శబ్దం రావట్లేదు. అంతా తేటగా, ఉతికి ఇస్త్రీ చేసినట్టొస్తోంది. నా దాంట్లోలాగ! … నువ్వనలేదు, నేనే అంటున్నాను.

ఒరేయ్, కాసేపు సంతోషపడనీ నన్ను. … ఎవరి చెడూ కోరట్లేదు. కోరకుండానే అయింది, నేనేం చెయ్యను?

ఇంతకీ ఏం మిషనది? ఇప్పుడైనా చెప్పు. అయిపోయినదానికి ఇంకా దాపరికమెందుకు?

… టేపు మిషనా? … రెండు చక్రాలది. … ఆకుపచ్చది.

… నేనిచ్చిందా? నేనేమిచ్చాను దానికి?

… మీట పోతే పళ్ళపేస్టు మూత పెట్టినది.

…

ఉన్నాను. వింటున్నాను. … కోపమేం లేదు. కింద మిషన్లాగాయి, అందుకని ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. ఒంటిగంటైనట్టుంది.

… దానితోనేనా? నాలుగు పాటలూ? డ్రమ్స్ అన్నీ అందులోంచే పంపిందా? … ఇంకే పెట్టే వాడలేదా? … వాడలేదు.

నేనింకా అది వాళ్ళింట్లో ఏ మూలో పడి ఉంటుందనుకున్నాను. దాని మీద పూలకుండీ పెట్టుకుని ఉంటుందనుకున్నాను. అందుకేనా ఇందాకట్నుంచీ నసుగుతున్నావు? నేను నొచ్చుకుంటాననా?

… ఒకటి చెప్పు. ఆయన దాన్ని విప్పినప్పుడు లోపల ఏమైనా దొరికిందా? … చిన్నది. నల్లగా, ఇనపముక్కలాగ. … స్క్రూ గాట్లో ఇరుక్కుని. … పట్టకారుతో లాగాడు. … ఎక్కడుందిప్పుడు? … పారేశాడు.

… నాకేం తెలుసు? ఊరికే అడిగాను. పాత మిషన్లలో ఏవో ఒకటి ఉంటాయి.

… తెలియదురా. అలాంటి మిషన్లింతే. కొత్త చెయ్యి పడితే పాత శబ్దం రాదు. వదిలెయ్యండి దాన్ని. విను, మిగిలిన నాలుగు పాటలూ నా దగ్గరికి పట్రా. రేపు పొద్దున్నే. కావాలంటే మొదటి నాలుగూ కూడా నా పెట్టెల్లోంచి మళ్ళీ పంపిద్దాం, అప్పుడు ఎనిమిదీ ఒక్కలాగే ఉంటాయి. … నీతో వాయించేవాళ్ళు ఎందుకొప్పుకోరు? నేను మాట్లాడతాను.

… వస్తావా? … నిజంగా? … అమ్మతో చెప్తాను. నీ స్టూలు ఇంకా అదే ఎత్తులో ఉంది. ఎవరినీ తిప్పనివ్వలేదు. … సరే, తొమ్మిదికి. ఆలస్యం చెయ్యకు. నీ ఎడమచెయ్యి ఒక్కటి ఆలస్యమైతే చాలు.

… ఉంటాను మరి.

… ఆ? … పిచ్చుకా? నేనడగలేదే. … అయినా చెప్పు, ఏం చేస్తోంది?

… పొద్దుట్నుంచీనా? నేలమీదే కూర్చునా? … ఏమీ తినకుండా. … ఏం తిప్పుతోంది? … ఒక్కో స్క్రూ. గోరంత తిప్పి, విని, నోటుబుక్కులో రాసుకుని, మళ్ళీ ఎక్కడుందో అక్కడికి తెచ్చి. … గోరంతేనా? అంతకుమించి తిప్పట్లేదా?

… తిప్పదు. నేనే నేర్పాను. ‘ఏ స్క్రూ అయినా గోరంతకి మించి తిప్పావంటే చెయ్యి విరిచేస్తాను’ అని. ఆ నోటుబుక్కు కూడా నేనిచ్చిందే.

… ఏమంటోంది? … ఆ మాట అందా?

… ఇంకోసారి చెప్పు. నీ మాటలు కలపకుండా, అది ఎలా అందో అలాగే చెప్పు.

… ‘అక్క డ్రమ్స్ కోసమే ప్రత్యేకంగా సర్ది ఇచ్చారు. అక్క చేతిపనిని నేనే చెరిపేయించాను.’

…

ఒరేయ్, నాకు ఒళ్ళు మండిపోతోంది. … నీ మీద కాదు, దాని మీద. అంత బాగా వింటుంది, అంత బాగా పనిచేస్తుంది, పైగా మంచిది కూడానా? ఏదో ఒకటి నాకు మిగల్చొచ్చుగా! ఇన్నాళ్ళూ దాన్ని తిట్టుకుంటూ హాయిగా బతుకుతున్నాను.

… పెట్టెయ్యకు. ఆగు. … ఆగమన్నానా.

ఎక్కడున్నావు? … దాని గది బయట, మెట్ల మీద. సరే, అక్కడే కూర్చో. నేను చెప్పేది అయ్యేదాకా మధ్యలో మాట్లాడకు. ఊఁ కూడా కొట్టకు.

ఆ ఇనపముక్క నా తలపిన్ను.

… మాట్లాడొద్దన్నాను.

నాలుగేళ్ళ కిందట ఒకావిడ పాడ్డానికొచ్చింది. బయట కూర్చుని గడియారం చూసుకుంటోంది. టేపు మిషను లోపల ఒక స్క్రూ ఉంటుంది, బయాస్ అంటారు. పుస్తకంలో చెప్పినంత తిప్పితే గొంతు ఉన్నదున్నట్టు టేపు మీదికెక్కుతుంది. ఎక్కువ తిప్పితే పై శబ్దాలన్నీ అణిగిపోతాయి. ఆవేళ సన్న స్క్రూడ్రైవరు కనపళ్ళేదు. తల్లోంచి పిన్ను తీసి తిప్పాను. నేను. గోరంతకి మించొద్దని అందరికీ చెప్పే నేను. జారి చివరికంటా పోయింది. వెనక్కి తిప్పబోతే పిన్ను కొస విరిగి గాట్లో ఉండిపోయింది. ఆవిడ పాడింది. దుప్పటి ముసుగేసుకుని పాడినట్టొచ్చింది గొంతు. ‘మళ్ళీ వస్తాలెండి’ అని వెళ్ళింది. రాలేదు. మిషను పాతదైపోయిందని చెప్పాను అందరికీ. నీక్కూడా.

ఆ ముక్క తియ్యడం పెద్ద పనేం కాదు. కానీ ఎవరినైనా పిలిస్తే అది తలపిన్నని తెలిసిపోతుంది. ఇంత పనిమంతురాలు తలపిన్నుతో తిప్పిందా అంటారు. అందుకని బట్ట కప్పేశాను.

తర్వాత పిచ్చుక వెళ్ళిపోతానంది, సొంతంగా పెట్టుకుంటానంది. వెళ్ళేరోజు చేతిలో ఏదైనా పెట్టాలిగా, అమ్మ చూస్తోంది. వాల్వు పెట్టె ఇవ్వొచ్చు. కంప్రెసరు ఇవ్వొచ్చు. ఆ మిషనిచ్చాను. తెలిసే ఇచ్చాను. పనికిరాదని తెలిసే, తుడిచి, పైన మంచి గుడ్డ కప్పి. పిచ్చుక దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని మెట్లు దిగింది. ఒక్కో మెట్టుకీ ఆగి.

ఎందుకంటే… పిచ్చుక పనికొచ్చిన రెండో వారంలో, నువ్వు వాయిస్తున్నావు, నేను మైకులు చూస్తున్నాను. అది బల్ల కొట్టడం ఆపి, ‘అక్కా, కిక్కు పెడలుకి మర వదులైనట్టుంది, సన్నగా మూలుగుతోంది’ అంది. నాకు వినపళ్ళేదు. నువ్వు వంగి చూశావు. నిజంగానే వదులైంది. అప్పుడు నువ్వు తలెత్తి దాని వైపు ఒక చూపు చూశావు. ఆ చూపు అప్పటిదాకా నాది.

అంతే. అయిపోయింది. ఇప్పుడు మాట్లాడు.

… మాట్లాడరా. … తిట్టినా ఫరవాలేదు.

… డ్రమ్సా? లేదు. ఒక్కసారి కూడా దాన్లోంచి డ్రమ్స్ పంపి చూడలేదు. గొంతుకి చెడిందని పక్కన పడేశాను. గొంతుకి ముసుగైనది నీ దెబ్బకి వెచ్చటి దుప్పటవుతుందని నాకు తట్టలేదు. దానికి తట్టింది. ఇచ్చినందుకు సిగ్గుగానే ఉంది, కానీ కడుపు మండేది మాత్రం అందుకు కాదు. అన్నాళ్ళూ నా కళ్ళముందే ఉంది, నాకు తట్టలేదు, చూడు, అందుకు.

సరే, లే. లోపలికెళ్ళు. … దానికి ఫోనివ్వకు! నువ్వే చెప్పు. కుడిపక్క వరసలో, పైనుంచి రెండో స్క్రూ. మీద ఎర్రరంగు చుక్క పగిలి ఉంటుంది. … ఉందా? చివరికంటా తిప్పమను. … గోరంత కాదు! చివరికంటా, ఆగేదాకా. పుస్తకం నమ్మినవాళ్ళెవరూ అంత దూరం తిప్పరు. అందుకే పొద్దుట్నుంచీ దొరకలేదు దానికి. … భయపడుతోందా? అక్కే చెప్పిందని చెప్పు. చెయ్యి విరవనని చెప్పు.

… తిప్పిందా? ఇప్పుడా ఐదో పాట అందులోంచి పంపమను. ఫోను స్పీకరు దగ్గర పెట్టు. … ఎవరూ మాట్లాడకండి.

…

…

ఊఁ.

… ఉన్నాను, ఉన్నాను. ఆపకు. … ఇంకాస్త వినిపించు.

… వచ్చింది. అదే. … ఈ ముదనష్టపు ఫోన్లో కూడా తెలుస్తోంది. ఎడమచెయ్యి ఎక్కడ పడుతోందో తెలుస్తోంది. చాలా బాగుంది. … ఏడవట్లేదు, కుళ్ళుకుంటున్నాను. ఆ మాత్రం కూడా కుళ్ళుకోకూడదా?

… నా పాదమా? కొట్టుకుంటోంది. కొట్టుకోనీ.

… వద్దు, రేపు రావద్దు. అంటే… పాటలు పట్రావద్దు. చొక్కా కోసం రా. అమ్మ ఎదురుచూస్తుంది. … నేను కూడానే. అన్నీ నోరు తెరిచి చెప్పించుకుంటావు.

… ఫోను ఎవరికి, దానికా? … వద్దన్నానుగా, ఇవ్వద్—

…

ఊఁ. నేనే. చెప్పు.

… విన్నావా? తమ్ముడు చెప్పాడా? … మొత్తమా? పిన్ను సంగతి కూడా? … తెలిసే ఇచ్చిన సంగతీ?

… మరి థాంక్సెందుకు? తిట్టు. … తిట్టడం కూడా నేర్పి పంపాల్సింది నీకు.

… కాదు, నేను సర్ది ఇవ్వలేదు. నీ నోటుబుక్కులో అలా రాసుకుని ఉంటే కొట్టెయ్యి. అక్క పొరపాటు అని రాయి. … ఇప్పుడే రాస్తున్నావా? సరే, రాసుకో. దాని కింద, ఇది డ్రమ్స్‌కి బాగుంటుందని నేనే కనిపెట్టాను అని రాయి. … నువ్వే. నేను కాదు. … అది కూడా రాయి. నేను చెప్తుండగానే రాయి, మళ్ళీ మనసు మారిపోతుంది నాకు.

… బల్ల కొడుతున్నావా? వినిపిస్తోంది. … కొట్టుకో, ఫరవాలేదు. నా పక్క కుర్చీలో ఈ మధ్య మరీ నిశ్శబ్దంగా ఉంటోంది.

… ముందు ఏదైనా తిను.

… ఏంటి? … తిరిగిచ్చేస్తావా? ఎందుకు? … ఊఁ, నాదే. నాలుగు పాటలూ అయ్యాక, నువ్వే మోసుకొచ్చి ఇక్కడ పెడతానంటావు.

…

వద్దు.

… మొహమాటం కాదు. నీ దగ్గరే ఉంచు. ఎవరూ ముట్టుకోవద్దని దాని మీద చీటీ అంటించు. నేనొచ్చినా ముట్టుకోనివ్వకు.

… ఎందుకంటే, నా దగ్గరుంటే, ఏదో ఒక రోజు పనేం లేక, నేను దాన్ని బాగుచేసేస్తాను.

… ఏంటీ? … కింద మిషన్లు మొదలెట్టారు. నీ మాట వినపడట్లేదు. పెట్టేస్తున్నాను.